చిన్నదాని పళ్లు తిన్న దొంగ

మెట్ల మీద నిలబడి అరుస్తున్న పెద్దమనిషి నోట్లో ఒక్క పన్ను లేదు. పళ్లసెట్టు చేతిలో ఉంది. దాన్ని గాల్లో ఆడిస్తూ, "పిలవండి దాన్ని! ఎవడి పళ్లో తెచ్చి నా నోట్లో కుక్కింది!" అని వీధి వీధంతా వినేలా రంకెలు వేస్తున్నాడు. పళ్లు లేవు కాబట్టి సగం మాటలు గాలికే పోయాయి. తిట్లు మాత్రం ముక్క పోకుండా వినిపించాయి. ఒకప్పుడు పెద్ద ఆఫీసరట. ఆయన రిటైరయ్యాడు గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

కింద గదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న పెద్దావిడ తొక్కుడు ఆపి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కుర్చీని గుమ్మం దగ్గరకి లాక్కుంది. ఆవిడ్ని వీధిలో అందరూ మిషనావిడ అంటారు. గుమ్మంలోకి నడిచొచ్చిన తగువుని వదులుకునే రకం కాదు.

పైనుంచి మైనమ్మ దిగింది. ఆ పళ్లు కట్టింది ఆవిడే. తొందరేమీ లేదు. చేతులకి అంటుకున్న గులాబీ రంగు మైనం గోటితో గీక్కుంటూ, ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు దిగింది.

"ఏదీ, ఒకసారి ఇటివ్వండి."

సెట్టు తీసుకుని వెలుతురుకి పెట్టింది. బొటనవేలితో దవడ పళ్ల మీద రాసి చూసింది.

"ఇవి మీవి కావు."

"అదే కదా పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటోంది!"

"మీ ఆవిడవి."

అరుగుల మీద వాళ్లంతా లేచి నిలబడ్డారు.

"మీ ఇద్దరికీ కట్టింది నేనే. ఆవిడ ఎడమ పక్క నములుతుంది. చూడండి, ఎడమ పక్క ఎలా నున్నగా అరిగిందో. మీది కుడి పక్క. పడుకునే ముందు ఇద్దరూ ఒకే గూట్లో రెండు గ్లాసుల్లో పెట్టుకుంటారు. లేవగానే చేతికందిన గ్లాసు మీదయింది. వెంటనే ఇంటికి వెళ్లండి, పాపం ఆవిడ మీ పళ్లు పెట్టుకుని దవడ కదపలేక కూర్చునుంటుంది."

ఆయన గొంతు దిగిపోయింది. "లేచినప్పట్నుంచీ మాట్లాడ్డం లేదు," అన్నాడు. "అలిగిందనుకున్నాను."

వీధంతా ఒకటే నవ్వు. మైనమ్మ నవ్వలేదు. సెట్టు ఆయన చేతిలో పెట్టి, వచ్చినంత నింపాదిగానే పైకి వెళ్లిపోయింది. మిషనావిడకి ఆ రోజే ఒక సంగతి అర్థమైంది. ఈ మనిషి ఎవరి మాటా వినదు, ఎదుటివాళ్ల నోరు చూసి నిజం లాగుతుంది. అలాంటి మనిషితో స్నేహం మంచిదే, పేచీ వస్తే మాత్రం గెలవడం కష్టం.

మైనమ్మకి అసలు పేరొకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద ఉంటుంది, ఎవరూ చదవరు. ముప్ఫై రెండేళ్లుగా చేస్తున్నది ఒకటే పని. పళ్ల డాక్టర్లు మనుషుల నోటి కొలత మెత్తటి ముద్దలో తీసి పంపిస్తారు. దాంట్లో ప్లాస్టరు పోసి ఆవిడ అచ్చు తీస్తుంది. ఆ అచ్చు మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ నిలబెట్టి, స్పిరిటు దీపం మీద చిన్న కత్తి వేడి చేసి చుట్టూ చిగురు దిద్దుతుంది. పై అంతస్తులో వెనక గది మొత్తం ఆవిడ పనికే. కిటికీ పక్క పొడవాటి బల్ల, గోడ నిండా అరలు, అరల నిండా తెల్లటి అచ్చులు. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ గదిలో అడుగు పెట్టాలంటే గుండె జారుతుంది. నాలుగు గోడల నుంచీ మనుషులు తల లేకుండా నవ్వుతున్నట్టు ఉంటుంది మరి.

అచ్చు చూసి మైనమ్మ జాతకం చెప్పేది. "ఈయన నిద్రలో పళ్లు నూరతాడు." "ఈవిడ గోళ్లు కొరుకుతుంది." మిషనావిడ ఆ ఇంట్లో అద్దెకి దిగిన మొదటి వారంలోనే ఎదురుపడి, పలకరింపు కూడా లేకుండా, "అక్కా, దారం పళ్లతో తెంపడం మానెయ్. ముందు పన్నుకి నొక్కు పడింది," అంది. మిషనావిడకి ఒళ్లు మండింది. గదికి పోయి అద్దంలో చూసుకుంటే నొక్కు ఉంది! ఆ రోజు నుంచీ ఇద్దరికీ జత కుదిరింది.

మైనమ్మ భర్త బస్సు నడిపేవాడు. కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు పోయాడు. ఈ మైనంతోనే కొడుకుని చదివించింది, నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగంలో పెట్టింది, పెళ్లి చేసింది. కోడలు మందుల షాపులో పని చేస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి ఎనిమిది, చిన్నదానికి నాలుగు. ఇంతమందిని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషికి గర్వం ఉండదా? ఉంది. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తప్ప ముట్టదు. బిస్కెట్టు పెడితే, "ఇప్పుడే తిన్నాను" అంటుంది. పండు కోసిస్తే, "పైకి పట్టుకెళ్లి తింటానులే" అంటుంది. గర్వమే అనుకున్నారంతా.

చిన్నదాని పళ్లతో వచ్చింది తంటా.

దాని మూడో ఏట ముందు పళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్ల చారలు పడ్డాయి. ఆ చారలు గోధుమరంగుకి తిరిగాయి, గోధుమరంగు నలుపైంది. నాలుగు నిండేసరికి పిల్ల నవ్వితే కాల్చిన అగ్గిపుల్లల వరసలా ఉండేది. ఇంకో నానమ్మ అయితే "పాలపళ్లే కదా, ఊడిపోతాయి" అని ఊరుకునేది. మైనమ్మ ఎందుకు ఊరుకుంటుంది? మూడు నెలలకోసారి ఇద్దరు పిల్లల్నీ బల్ల ముందు కూర్చోబెట్టి, నోట్లో ముద్ద పెట్టి కొరికించి, అచ్చులు తీసింది. తారీకు పెన్సిలుతో రాసి వరసగా పేర్చింది. పెద్దదాని వరస ఎప్పుడు చూసినా గుచ్చిన పూసల్లా ఒకేలా ఉంది. చిన్నదాని వరసలో మొదట సూదిమొన అంత గుంట, తర్వాత నువ్వుగింజ అంత, ఆ తర్వాత అంచులు విరిగిన దువ్వెన.

"ఒకే ఇల్లు, ఒకే గిన్నెలో తిండి, ఒకే పేస్టు," అంది మైనమ్మ. "ఒకదాని నోరు అలా ఉండి, ఇంకోదాని నోరు ఇలా ఉందంటే మధ్యలో ఎవరో దూరారు. దీనికి దొంగతనంగా తీపి మేపుతున్నారు."

అంతే, ఇల్లు పోలీసు స్టేషను అయిపోయింది. చిన్నది ఎటు నుంచి వచ్చినా మైనమ్మ ముందు దాని నోరు వాసన చూసేది. స్కూలు బ్యాగు దులిపేది. కొడుకు చొక్కా జేబులు కూడా తిప్పి చూసింది. ఆఖరికి చక్కెర డబ్బా మూత చుట్టూ మైనం కరిగించి పోసి, దాని మీద తన బొటనవేలు ముద్ర వేసింది. కోర్టు కాయితానికి కూడా అంత గట్టి సీలు ఉండదు.

మూడో రోజు సీలు సీలులాగే ఉంది, చక్కెర మాత్రం రెండు వేళ్ల లోతు దిగింది.

"ఎవరు తీశారు?" అంది కోడలితో.

"ఎవరు తీస్తారు అత్తయ్యా? టీలోకి ముద్ర తీసేదీ మీరే, వేసేదీ మీరే. నేను ఆ డబ్బా జోలికే పోవడం లేదు."

"మరి దానికి కాళ్లొచ్చాయా?"

"వచ్చాయేమో! వాటికి కూడా అచ్చు తీయండి."

కోడలు మాటకి మాట అప్పజెప్పే పిల్లే. అయితే ఆ మాట అనేసి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకోవడం మెట్ల మీంచి మిషనావిడ చూసింది. చూసి, ఏడుస్తోందంటే తప్పు చేసిందేమో అనుకుంది. అనుమానం జలుబులాంటిది కాదు మరి, దానికంటే తొందరగా అంటుకుంటుంది.

మర్నాడు ఆ అనుమానం మెట్లు దిగి ఆవిడ గదికే వచ్చింది. సాయంత్రాలు చిన్నది మిషను పక్కన కూర్చుని బొత్తాలతో ఆడుకుంటుంది. మైనమ్మ తిన్నగా వచ్చి, మాటా మంతీ లేకుండా బొత్తాల డబ్బా తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

మిషనావిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఏంటే అది?"

"ఏం లేదు అక్కా. పిప్పరమెంట్లు ఏమైనా..."

"నా బొత్తాల డబ్బా వాసన చూస్తావటే! ఇరవై రెండేళ్లు ఒకే నల్లా నీళ్లు తాగాం. నీ కొడుకు పెళ్లికి నీ ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టాను. నీ మనవరాలికి విషం పెడతానా?"

"విషమని నేనన్నానా?"

"అనడానికి ఏం మిగిల్చావు? నా నోట్లో కూడా ముద్ద పెట్టి అచ్చు తీసుకో. నా ముందు పన్ను నొక్కులో నీ మనవరాలి పిప్పరమెంటు ఇరుక్కుందేమో చూడు!"

మైనమ్మ డబ్బా మూత పెట్టి వెళ్లిపోయింది. క్షమించమని అనలేదు. ఆవిడ నోట్లోంచి ఆ మాట ఊడిపడాలంటే పటకారు కావాలి. మిషనావిడ నాలుగు రోజులు పైకి చూడలేదు. చూడకపోయినా మనసు మాత్రం పైనే ఉంది. దొంగని పట్టుకుని మెడబట్టి తెచ్చి దాని బల్ల మీద కూర్చోబెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను అనుకుంది. మార్చుకోవడానికి ఉన్నది మిషనావిడ అన్న పేరొక్కటే అయినా సరే.

మెట్లు ఆవిడ గది గోడ పక్క నుంచే పోతాయి. ఏ అడుగు ఎవరిదో చూడకుండా చెప్పగలదు. మిషను తొక్కుతున్నట్టే తొక్కుతూ, కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. కోడలు ఐదింటికి వస్తుంది, చేతిలో అన్నం డబ్బా తప్ప ఏమీ ఉండదు. కొడుకు వస్తూనే సాక్సు విప్పి పడుకుంటాడు. స్కూలు ఆయా పిల్లల్ని గుమ్మంలో వదిలి, చెయ్యి దులుపుకుని పోతుంది. అందరూ శుభ్రం. ఇంత శుభ్రంగా ఉన్నారంటే ఏదో ఉంది అనుకుంది మిషనావిడ.

ఐదో రోజు నాలుగున్నరకి మెట్ల మీద చెప్పుల్లేని అడుగులు వినబడ్డాయి. మెట్ల కింద నీళ్ల పంపు ఉన్న మూలకి వెళ్లి ఆగాయి. మిషనావిడ గోడ పట్టుకుని వెళ్లి తొంగి చూసింది. పెద్దది! గౌను మడతలో చక్కెర పోసుకుని, వేలు తడి చేసి అద్దుకుని నాకుతోంది.

చెవి దొరకబుచ్చుకుంది. "ఎన్నాళ్ల నుంచే ఇది?"

"చాలా రోజుల నుంచి."

"నానమ్మ ముద్ర ఎలా తీశావు?"

"చెంచా వేడి చేసి మెల్లగా గీస్తే ఊడొస్తుంది. మళ్లీ అలాగే అతికించేస్తా. నానమ్మ వేలు గుర్తు చెదరకుండా."

పనితనం ఎక్కడ దిగాలో అక్కడ దిగింది అనుకుంది మిషనావిడ. పైకి మాత్రం కళ్లెర్రజేసి, "చెల్లికి పెడుతున్నావా?" అంది.

"ఛీ! దానికెందుకు పెడతాను? నాకే చాలదు."

మిషనావిడ దాన్ని అలాగే పైకి నడిపించుకుపోయి బల్ల ముందు నిలబెట్టింది. "ఇదిగో నీ దొంగ! నా బొత్తాలకి మొక్కి చెంపలేసుకో."

మైనమ్మ పిల్లని వెలుతురుకి తిప్పింది. చిన్న అద్దం పెట్టి మూలమూలలా చూసింది. చూసి, అద్దం తుడిచి బల్ల మీద పెట్టింది.

"ఇది కాదు."

"కాదేంటే? నోటి చుట్టూ చక్కెర ఉంటే!"

"చుట్టూ ఉంటే సరిపోతుందా? చక్కెర తిన్న పళ్లా ఇవి? ఒక్క గుంట చూపించు. ఎవర్నో కాపాడ్డానికి నేర్పించిన మాట చెబుతోంది." చూపు వంటింటి వైపు పోయింది.

చేత్తో పట్టిన దొంగని నోరు చూసి వదిలేసింది! మిషనావిడ ఆ మెట్లు దిగుతూ మొదటిసారి, దీని విద్యలోనే ఎక్కడో కన్నం ఉంది అనుకుంది.

రెండు రోజులకి చిన్నదాని బుగ్గ వాచింది. జ్వరం. కొడుకు సెలవు పెట్టాడు, పిల్లల పళ్ల డాక్టరు దగ్గరకి బయల్దేరారు. కోడలు కిందకి వచ్చి, "పెద్దత్తయ్యా, మీరూ రండి. నా తరఫున ఒక్క మనిషైనా ఉండాలి," అంది. మిషనావిడ కళ్లజోడు తుడుచుకుని లేచింది. మైనమ్మ చెప్పుల డబ్బాలో పిల్లలిద్దరి అచ్చులూ పెట్టుకుని వచ్చింది, సాక్ష్యానికి.

డాక్టరమ్మ చిన్న వయసుది. గోడ మీద చేపల బొమ్మలు. చిన్నదాన్ని కుర్చీలో పడుకోబెట్టి, కబుర్లు చెబుతూ చూసింది. వాపుకి మందు రాసింది, ఒక పన్ను తియ్యాలి, రెండు పూడ్చాలి అంది. తర్వాత అచ్చులు చేతిలోకి తీసుకుని, "ఇవి మీరే చేశారా? ఎంత నాజూగ్గా ఉన్నాయండీ!" అంది. మైనమ్మ అంగుళం పెరిగింది.

"వీటిలో పన్ను ఆకారం తెలుస్తుంది," అంది డాక్టరమ్మ. "పన్ను దేనితో తయారైందో మాత్రం తెలియదు. తీపీ, నోట్లో ఉండే క్రిములూ కలిసే పుచ్చు తెస్తాయి, అది నిజమే. కానీ అందరి పళ్లూ ఒకేలా తట్టుకోవు. కొందరికి పై పొర పుట్టుకతోనే బలహీనంగా వస్తుంది. ఉమ్ము కూడా అందరి నోటినీ ఒకేలా కడగదు. ఇవన్నీ కొంతవరకు తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో దిగుతాయి. అక్కకి ఒకటి దిగితే చెల్లికి ఇంకోటి దిగొచ్చు."

"బట్టలాగే," అంది మిషనావిడ. ఎవరూ అడగలేదు, అయినా అంది. "ఒకే సబ్బు, ఒకే ఉతుకు. ఒకటి పదేళ్లు కట్టినా చెక్కుచెదరదు, ఇంకోటి పది ఉతుకులకి చిరుగుతుంది. నేతలోనే ఉంటుంది."

"సరిగ్గా చెప్పారు. అలాగని చిరగాలని రాసిపెట్టి ఉండదు. నేత పలచనని ముందే తెలిస్తే జాగ్రత్తగా ఉతుక్కుంటాం కదా? మూడు నెలలకోసారి మందు పూత పూస్తాం. ఆరేళ్లకి దవడ పళ్లు వస్తాయి, అవి జీవితాంతం ఉండాల్సినవి. అవి పైకి వచ్చిన వెంటనే వాటి మీది సన్నటి గీతల్లాంటి గాళ్లు మూసేస్తాం." కాయితం ముందుకి లాక్కుంది. "అందుకే అడుగుతున్నాను. మీ రెండు వైపులా చిన్న వయసులోనే పళ్లు పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

కోడలు వెంటనే అందుకుంది. "మా నాన్న రోజూ చెరుకుగడ నమిలేవాడు. డెబ్భై దాటినా ఒక్కటీ కదల్లేదు. మా అమ్మకి అరవై, అన్నీ ఉన్నాయి."

కొడుకు తల్లి వైపు చూశాడు.

"మా వైపు అలాంటిదేం లేదు," అంది మైనమ్మ. తడుముకోలేదు. "కావాలంటే చూడండి." అని ఆ పెద్ద దీపం వెలుగులో పెదాలు తెరిచి రెండు వరసలూ చూపించింది.

డాక్టరమ్మ కలం ఆగింది. ఒక్క కుట్టు పడేంత సేపు. పెద్దావిడ చెప్పాక ఎలా కాదంటుంది? ఏదో రాసుకుని, "అయితే తిండి, తోముడు సంగతి ఇంకోసారి గట్టిగా చూసుకోండి," అంది.

కొడుకు తల మెల్లగా పెళ్లాం వైపు తిరిగింది. ఆ చూపు కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ శుక్రవారం కోడలు పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ మిషనావిడ గదికి వచ్చింది. "పెద్దత్తయ్యా, జిప్పు పట్టడం లేదు. ఆరింటి బస్సులోపు కుట్టి ఇస్తారా?"

"ఎక్కడికే?"

"మా అమ్మ దగ్గరకి. రేపటి నుంచి చిన్నదానికి నేనేమీ పెట్టకూడదట. తిండీ, తోముడూ, పడకా అన్నీ అత్తయ్య గదిలోనేనట. మా ఆయన తీర్పు చెప్పేశాడు. నా కూతురికి నేను ముద్ద పెడితే దొంగనా? ఇద్దర్నీ తీసుకుపోతున్నాను."

"ఎన్నాళ్లకి వస్తావు?"

"టిక్కెట్టు ఒకవైపుకే తీసుకుంటాను."

ఆ పిల్ల పైకి పోయాక మిషనావిడ జిప్పు విప్పింది గానీ సూది ముందుకు కదల్లేదు. ఆ దీపం వెలుగు, ఆ రెండు వరసలు, ఆగిన కలం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి అంత సమంగా, మచ్చ లేకుండా ఉంటాయా? బట్ట ఎంత బాగా కుట్టినా లోపల తిరగేస్తే అతుకు తెలుస్తుంది. ఈ మనిషిని తిరగేసి చూసిందెవరు? ఇరవై రెండేళ్లలో అది నా ముందు ఒక్క బిస్కెట్టు కొరికిందా? జామకాయ కొరికిందా? తుమ్మొస్తే కూడా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంటుంది కదా!

పెట్టె అక్కడే వదిలేసి, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కింది. మైనమ్మ బల్ల ముందు దీపం వెలిగించుకుని కూర్చుంది. చేతిలో కత్తి ఉంది, పనేమీ సాగడం లేదు.

"నోరు తెరువు," అంది మిషనావిడ.

"ఏం?"

"ఊరందరి నోళ్లూ తెరిపించావుగా. ఇవాళ నీది తెరువు."

"నీకేమైనా మతి పోయిందా అక్కా?"

"పోలేదు, ఇవాళే వచ్చింది. ఇన్నేళ్లూ నువ్వు నా ఇంట్లో తినకపోతే గర్వమనుకున్నానే! అవి ఎవరి పళ్లు?"

"మెల్లగా మాట్లాడు. పక్క గదిలో వినిపిస్తుంది."

"అదీ! అబద్ధమైతే ఇంకా గట్టిగా అరవమనేదానివి."

మైనమ్మ దీపం ఆర్పింది. లేచి తలుపు దగ్గరకి వేసింది. గోడ వైపు తిరిగి రెండు చేతులూ నోటికి పెట్టుకుంది. ఇటు తిరిగేసరికి ఆ ముఖం కింద సగం లోపలికి కుంగిపోయింది. ఒక్క క్షణంలో ఇరవై ఏళ్లు మీద పడ్డాయి. పై వరస, కింద వరస అరచేతిలో ఉన్నాయి.

మాటలు సగం గాలిగా వచ్చాయి, అయినా మిషనావిడ ఒక్కటీ వదల్లేదు. ఐదేళ్లప్పుడు తన పళ్లూ ఇలాగే నల్లబడ్డాయట. తర్వాత వచ్చినవీ నిలవలేదు. పంతొమ్మిదేళ్లకి పై వరసంతా పోయింది. తల్లికి ముప్ఫై దాటకుండానే బోసినోరు. నలుగురిలో నోరు తెరవక్కర్లేని పని ఏదని వెతుక్కుని, పళ్లసెట్లు కట్టేచోట అచ్చు తీసే పళ్లాలు కడగడానికి చేరింది. మేస్త్రీ పని నేర్పలేదు. కడుగుతూ, చూస్తూ నేర్చుకుంది. పారేసిన పళ్లు ఏరుకుని, ఒకదాని రంగు ఒకదానికి కలవని సెట్టు ఒకటి కట్టుకుంది. ఆవిడ కట్టిన మొదటి సెట్టు అదే. పెళ్లయిన నెలకి భర్తకి చెబితే ఆయన ఒక రోజంతా నవ్వి, చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. కొడుక్కి తెలియదు.

"తెలిసి తెలిసి ఆ పిల్ల మీద పడ్డావటే?"

"తెలిసి కాదక్కా." మైనమ్మ బల్ల అంచు పట్టుకుంది. "మా అమ్మ దొంగతనంగా చక్కెర తిని, నాకూ పెట్టి నా నోరు పాడు చేసిందని మా నానమ్మ వీధంతా చాటింది. అమ్మ ఒట్టేసింది, ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. నిన్న మొన్నటి దాకా నమ్మలేదు. మా అమ్మ పోయేదాకా నేను దానితో సరిగ్గా మాట్లాడలేదు. అందుకే చిన్నదాని అచ్చు చూడగానే, ఇదీ తల్లి పనే అనుకున్నాను. ఆ డాక్టరమ్మ నేత సంగతి చెప్పినప్పుడు మొదటిసారి తట్టింది, మా అమ్మ నిజమే చెప్పిందేమోనని."

"తట్టినదానివి అక్కడే చెప్పొచ్చుగా!"

"కొడుకు పక్కనే ఉన్నాడు. కోడలు చూస్తోంది. నోరు దానంతటదే అబద్ధమాడేసింది."

పక్క గదిలో చిన్నది తన బొమ్మకి బస్సు ఎక్కుతున్నామని చెబుతోంది. కోడలు బీరువా తలుపు వేసిన చప్పుడైంది. గడియారంలో ఐదు దాటింది.

"నువ్వు చెప్పక్కా," అంది మైనమ్మ. "నీ మాటైతే నమ్ముతుంది."

"నేను చెబితే పక్కింటి పుకారు. నీ కొడుకు నన్నే కసురుతాడు. ఆ పిల్లకి కావలసింది నీ నోటి మాట."

మైనమ్మ దగ్గరకి వచ్చి, మిషనావిడ చెయ్యి పట్టుకుని, ఆ రెండు వరసలూ అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇవి నీ దగ్గర ఉంచు అక్కా. పక్క గదిలోకి వెళ్తున్నాను. ఇవి నోట్లో ఉంటే మళ్లీ అబద్ధమే ఆడతాను, నా సంగతి నాకు తెలుసు. కొడుక్కీ కోడలికీ చెప్పి, ఆ డాక్టరమ్మ కాయితం మీద కూడా రాయించేదాకా నాకివ్వకు. నేనే వచ్చి అడిగినా, తిట్టినా, కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు."